పదకొండో ప్లేటు

సోమవారం ఉదయం ఆరుంబావుకి గవరయ్య ప్రాణం పోయింది. ఏడయ్యేసరికి ఆస్పత్రివాళ్లకి నేరస్థురాలు కూడా దొరికింది. ఆయా సత్యవేణి!

సర్జరీ వార్డులో పదహారు రోజుల్లో ఇది మూడో చావు. ముగ్గురి రక్తంలోనూ క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. ఏ యాంటీబయోటిక్‌కీ లొంగని మొండి ఘటం. "బస్తీ మనిషి, మురికి మోసుకొచ్చింది" అని సూపరింటెండెంట్ రిపోర్టు రాసిపారేసి, ఆమెని డ్యూటీ నుంచి ఆపేశాడు.

గవరయ్య ఓడరేవు కూలీ. అతనిదీ సత్యవేణిదీ కలకత్తా ఏక్‌బాల్‌పూర్ బస్తీలో ఒకే సందు. నింద ఆమెకంటే ముందే అక్కడికి చేరింది.

ఆరోగ్యశాఖ పంపిన ఇన్వెస్టిగేటర్ అరుణకుమారి కూడా కలకత్తా తెలుగు మనిషే. సత్యవేణిని విడిగా కూర్చోబెట్టింది.

"గవరయ్య పక్క మార్చింది నువ్వేనా?"

"నేదమ్మా. అతగాడున్నన్నాళ్లూ నాను సెలవు. పిల్లకి జొరం."

"ఆ మాట చెప్పలేదా?"

"సెప్పినాను. ఎవుడింటాడు? గవరయ్య పెళ్లాం అమ్మన్నమ్మ నన్ను సూసి తలుపేసీసింది. ఆ సందులో ఏ మొకం ఎట్టుకు తిరగాల?"

ఆమె చేతులు బోసిగా ఉన్నాయి.

"గాజులేవి?"

"తీయించీసినారు. గాజుల్లో పురుగులుంతాయంట. మొగుడున్నదాన్ని, ఏడ్సుకుంతా తీసినాను."

అరుణకుమారికి ఒళ్లు మండింది. రూలు మంచిదే. ఎవరెవరికి?

మంగళవారం 9.10. సత్యవేణితో సహా వార్డులో పనిచేసే పదకొండు మందిచేతా చేతులు కడిగించింది. తర్వాత బ్యాక్టీరియాని పెంచే కల్చర్ ప్లేట్లలో యాంటీబయోటిక్ మందు కలిపి, వాటి మీద వేళ్లు ఆనించమంది. ఆ మందుకి మామూలు బ్యాక్టీరియా చస్తుంది. మొండిదే పెరుగుతుంది.

సర్జన్ సన్యాల్ అందరికంటే ఎక్కువసేపు, రెండు నిమిషాలు కడిగాడు.

గురువారం నాలుగు గంటలకు అందరూ సూపరింటెండెంట్ గదిలో ఉన్నారు. మాటలన్నీ బెంగాలీలోనే.

"పది ప్లేట్లు శుభ్రం. పదకొండోది మీది, డాక్టర్ సన్యాల్" అంది అరుణకుమారి.

"అసంభవం! నేను కడగడం మీరే చూశారు."

"చూశాను. ఉంగరాలతోనే కడిగారు."

అతని వేళ్లకి నాలుగున్నాయి. పగడం, గోమేధికం, ముత్యం, నీలం. జ్యోతిష్కుడు పెట్టించినవి.

"ఆఖరిసారి ఎప్పుడు తీశారు?"

"తీయకూడదు. పదకొండేళ్లయింది."

"రౌండ్స్‌లో గ్లవ్స్ వేసుకోరేం?"

"రాళ్లకి తగిలి చిరుగుతా..."

సన్యాల్ చేతులు టేబుల్ కిందికి దించుకున్నాడు.

"ముగ్గురి కట్లూ విప్పి చూసింది మీరొక్కరే. ప్లేటు మీద పెరిగిందీ, వాళ్లని చంపిందీ ఒక్కటే. ల్యాబ్ పోల్చి చూసింది. రాళ్ల కింద సబ్బు చేరదు, డాక్టర్. బ్యాక్టీరియా చేరింది."

సూపరింటెండెంట్ గొంతు సవరించుకున్నాడు. "సరే, సత్యవేణి రేపట్నుంచి డ్యూటీకి రావచ్చు."

సత్యవేణి అరుణకుమారి వైపు తిరిగి తెలుగులో అంది.

"నాను రానమ్మా. ముందల ఈ డాక్టరుబాబు మా సందుకొచ్చి, అందరూ వినీలాగ అమ్మన్నమ్మకి సెప్పాల."

అరుణకుమారి ఆ మాటను పొల్లుపోకుండా బెంగాలీలో వినిపించింది.

సన్యాల్ సూపరింటెండెంట్ వైపు చూశాడు. ఆయన రిపోర్టులో తల దూర్చేశాడు.

"ఆవిడకి... ఏమని చెప్పను?"

అరుణకుమారి కారు తాళాలు తీసుకుంది.

"దారిలో ఆలోచించుకోండి. లేవండి."