ఎముక చెప్పిన వయసు

యోహాను ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఈ సంగతి కోరుట్లలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్లకు చెప్పడానికి వాళ్లమ్మ మల్లవ్వ ఉంది. సిరిసిల్ల సంబంధం వాళ్లు "పోరగాడు ఇంకా చిన్నగున్నడు" అని లేచిపోయినప్పటి నుంచి, అతను తన గ్రానైట్ షాపులో నేల మీద నిలబడి మాట్లాడటం మానేశాడు. గిరాకీ వస్తే చాలు, ఏదో ఒక రాయి దిమ్మె ఎక్కుతాడు.

మంజుల వచ్చిననాడు కూడా దిమ్మె మీదే ఉన్నాడు. ఆమె నేల మీద నిలబడినా ఇద్దరి కళ్లూ సమానంగా కలిశాయి. యోహాను గుండె ఒకసారి గట్టిగా కొట్టుకుంది. తర్వాత దిమ్మె ఎత్తు లెక్క చూసుకుని నెమ్మదించింది.

"అన్నా, గీ బొక్క కోసిస్తరా?" అని దూదిలో చుట్టిన రెండు ఎముక ముక్కలు తీసింది.

"బొక్కేంది మేడం, ఇది రాయి గదా."

"ఒకప్పుడు బొక్కనే. డైనోసార్ తొడది. మట్టిల ఉండి ఉండి రాయైంది."

ఆమెది మేడిపల్లి. హైదరాబాదులో రీసెర్చ్ చేస్తోంది. అక్కడి కోత మిషన్ రిపేరులో పడింది, రిపోర్టు గడువేమో దగ్గరపడింది. సార్లంతా ఆ ఎముక ఏదో పెద్ద డైనోసార్ పిల్లదని తేల్చేశారు. మంజుల ఒక్కతే కాదేమో అంది.

"ఉన్నయి గీ రెండు ముక్కలే. ఖరాబైతే నా మాట ఎవ్వలు నమ్మరు."

"గ్రానైటే కోస్తం, గిదెంత," అన్నాడు యోహాను.

ఆమె ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్లింది. గ్రానైట్ పనిలో రాయిని ఎటు కోస్తే డిజైన్ వెడల్పుగా కనబడుతుందో అటే కోస్తారు. యోహానూ అంతే చేశాడు. ఒక ముక్కను నిలువునా చీల్చి, తళతళలాడేలా పాలిష్ పెట్టి, గర్వంగా ఆమె చేతికిచ్చాడు.

మంజుల దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"నిలువు కోసిన్రా?"

"గట్లయితెనే షో వస్తది, మేడం."

"షో ఎందుకన్నా? ఇదేమన్న కిచెన్ గట్టా? అడ్డం కోస్తెనే వయసు చెప్పే గీతలు కనవడ్తయి."

కళ్లలో నీళ్లు తిరుగుతుండగా రెండు ముక్కలూ తీసుకుని గేటు వైపు నడిచింది. యోహానుకు తల కొట్టేసినట్టయింది. దిమ్మె దిగి పరుగెత్తాడు. దిగిన సంగతి అతనికే తెలియదు.

"తప్పు నాదే. అడుగకుంట కోసిన. రెండోదానికి గీత మీరే గీయుండ్రి, మీరు ఆపుమన్నకాడ ఆపుత."

ఆమె అతన్ని పైనుంచి చూసింది. పైనుంచి అని ఊరికే అనడం లేదు. తర్వాత గేటు దాటి వెళ్లిపోయింది.

ఆ రాత్రి యోహాను అన్నం సరిగా తినలేదు. తెల్లారి షాపు తెరిచేసరికి, పెన్సిలు గీత గీసిన ముక్కతో మంజుల నిలబడి ఉంది.

ముక్కను బిగించి, ఒక పక్క అతను, ఒక పక్క ఆమె నిలబడ్డారు. బ్లేడు మీది నీళ్లు ఇద్దరి మొహాల మీదా చిందాయి. వాన లేని లోటు ఆ షాపులో మిషనే తీరుస్తుంది.

"జరుపాల్నా?" అన్నాడు యోహాను.

"జరుపు."

"ఇంకా?"

"మెల్లగ, యోహానూ."

'అన్నా', 'మీరు' ఆ నీళ్లలో ఎక్కడో కొట్టుకుపోయాయి. యోహాను గమనించాడు, గుర్తుచేయలేదు.

కోసిన బిళ్లను ఆమె గాజు పలకకు అతికించి, వెలుతురు దూరేంత పలుచగా అరగదీసింది. రెండు రోజులు షాపులోనే కూర్చుని అరగదీసింది. మల్లవ్వ చాయ్ తెచ్చిచ్చి, పక్కన కూర్చుని ముచ్చట్లు పెట్టింది. మూడోనాడు జగిత్యాల నుంచి, తను చదువుకున్న కాలేజీ ల్యాబు నుంచి, మంజుల ఫోన్ చేసింది.

"దొర్కింది. జల్ది రా."

యోహాను స్టూలు మీద కూర్చుని మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు.

"గా సన్న రంధ్రాలు రక్తం వారిన దారులు. గన్ని ఉన్నయంటే చిన్నప్పుడు జోరుగ ఎదిగిందన్నట్టు," అంది మంజుల.

"గీ గీతలేంది?"

"కరువు కాలంల ఎదుగుడు ఆగుతది. ఆగినప్పుడల్ల ఒక గీత వడ్తది. అంచుకాడ చూడు, గీతలు దగ్గరదగ్గరకు ఒత్తుకున్నయి. అంటే ఎదుగుడు ఐపోయింది. ఇది పిల్ల కాదు, నిండుగ పెరిగిన జంతువే. దీని సైజే గింత."

యోహాను కన్ను తీయలేదు. ఎన్నో కోట్ల ఏళ్ల కింద చచ్చిన జంతువు మీద అతనికి అమాంతం అభిమానం పుట్టింది.

"మరి అందరు పిల్లని ఎట్లన్నరు?"

"పైన చూసి అన్నరు. లోపల చూడలే."

"నన్ను గూడ గట్లనే అన్నరు. సిరిసిల్లోళ్లు."

"తెలుసు. మీ అమ్మ చెప్పింది."

యోహాను లేచాడు. అక్కడ దిమ్మె లేదు. స్టూలు ఉంది. దాన్ని కాలితో పక్కకు జరిపాడు.

"మంజులా, నా ఎదుగుడు ఐపోయింది. ఇంకో ఇంచు గూడ రాదు. నువ్వంటే నాకిష్టం. పెండ్లి చేసుకుంటవా?"

మంజుల తొందరపడలేదు. గాజు పలకను డబ్బాలో భద్రంగా పెట్టి మూత వేసింది.

"గేటుకాడికి ఉరికచ్చిననాడే చూసిన నువ్వెంతున్నవో. చూసినంకనే గదా, తెల్లారి మళ్ల అచ్చిన," అంది. "మా నాయినకు నేను చెప్త. మీ అమ్మకు నువ్వు చెప్పు."

సాయంత్రం మల్లవ్వ అంతా విని, కొడుకును కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. ఎక్కువసేపు పట్టలేదు.

"గా పొడుగు పిల్లేనా?"

"ఔనవ్వా."

"మంచిగైంది. అటక మీది గిన్నెలు దించెటందుకు మనింట్ల ఎవ్వలు లేకుండె," అని, ఈ వార్త పక్కింటికి చెప్పడానికి చెప్పులు తొడుక్కుంది.