రాక్షసుల లాయరు

మొదటి రోజే ఆ అమ్మాయి నా ఆట తగలేసింది.

ఆదివారం మధ్యాహ్నం. బయట వాన. అక్కావాళ్ల ముందుగదిలో బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం. అక్క, బావ, నేను, అక్క పనిచేసే ఆస్పత్రిలో కొత్తగా చేరిన ఫిజియోథెరపిస్టు. మేం ఆడేది కథల ఆట. తలా ఒక వీరుడి వేషం వేస్తారు. కథ నేను నడుపుతాను. దెబ్బ తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. దారిలో ఎదురయ్యే రాక్షసులందరూ నేనే.

కాగితం మీద గుహ గీసి, అందులో రాక్షసుణ్ని దింపాను. బావ హుషారుగా కత్తి దూశాడు.

"ఒక్క నిమిషం," అందామె. "వీడికేం కావాలి?"

"ఎవరికి?"

"రాక్షసుడికి."

"మిమ్మల్ని తినాలండీ. రాక్షసుడు కదా!"

"మేం రాకముందు ఏం తినేవాడు? ఈ గుహలో వంటగది కూడా గీయలేదు మీరు."

బావ పగలబడి నవ్వాడు. నేను ఇళ్ల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. రోజుకు నాలుగు వంటగదులు గీసేవాణ్ని పట్టుకుని ఆ మాటంటే ఒళ్లు మండదా?

"చంపితే పాయింట్లొస్తాయండీ. ఆట అంతే!"

"చంపనని ఎవరన్నారు? తెలుసుకుని చంపుతానంటున్నా."

ఆ రోజే బావ ఆమెకు రాక్షసుల లాయరని పేరు పెట్టాడు.

నేనూ పంతానికి పోయాను. ప్రతి రాక్షసుడికీ ఒక కార్డు తయారుచేసి, వాడికేం కావాలో వెనకవైపు రాసేవాణ్ని. వంతెన కింద భూతానికి కావాల్సింది నిద్ర, పైన బళ్ల చప్పుడు దానికి పడదు. వీరులు బళ్లను వేరే దారికి మళ్లించి, భూతాన్ని పడుకోబెట్టి వచ్చారు. తన పిల్లల ఆకలి తీర్చడానికి ఊళ్లో పిల్లల్ని ఎత్తుకుపోయే రాక్షసిని మాత్రం, కారణమంతా విన్నాక కూడా, లాయరమ్మే చంపింది. ఆ రోజు టీ కూడా ముట్టలేదు.

వారమంతా ఆఫీసులో ఆమె కోసమే రాక్షసుల్ని కనేవాణ్ని. ప్రేమలేఖ రాయడం చేతకానివాడి పాట్లు అవి.

ఒకరోజు బస్‌స్టాపు దాకా ఒకే గొడుగులో నడిచాం. సగం దారిలో ఉన్నట్టుండి చెప్పింది.

"మా నాన్నకి ఒంట్లో బాలేదట. చూడాలనుందని కబురు పంపాడు. పన్నెండేళ్లయింది చూసి."

"వెళ్తారా?"

"అమ్మ చెయ్యి విరగ్గొట్టిన మనిషండీ. ఆ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. అందుకే ఈ చదువు చదివాను." గొడుగు నావైపు జరిపింది. "ఎందుకు కొట్టేవాడో ఏనాడూ తెలియలేదు. తెలిస్తే, వెళ్లాలో వద్దో తేలుతుందేమో. ఎవరితోనూ అనకండి."

అననన్నాను. అనలేదు కూడా. అంతకంటే ఘోరం చేశాను.

తర్వాతి ఆదివారం శిథిలమైన కోటలో ఒక ముసలి రాక్షసుణ్ని పడుకోబెట్టాను. జనం చేతులు విరిచినవాడు, ఇప్పుడు చావుకు దగ్గరపడ్డాడు. గొంతు వణికిస్తూ ఆమె వీరనారితో అన్నాను: "తల్లీ, చిన్నప్పుడు నన్నూ ఇలాగే కొట్టారు. నాకింకోటి తెలియదు. క్షమించు."

ఆమెకు కావాల్సిన జవాబు నేనిస్తున్నాననుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను, వెధవని.

బావకేం తెలుసు పాపం! "లాయరమ్మా, అడగవేం? వీడికేం కావాలి?" అన్నాడు.

ఆమె కార్డు తిప్పి చదివింది. కూతురి చేత్తో మంచినీళ్లు, అని రాసి ఉంది.

"బాగా రాశారు," అంది మెల్లగా. "మా నాన్నకి ఇంత బాగా మాట్లాడటం రాదు."

పాచికలు బల్ల మీద పెట్టి, గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్లిపోయింది.

"ఏం చేశావురా?" అంది అక్క.

ఆరు ఆదివారాలు గడిచాయి. నా మెసేజీలకు జవాబు లేదు. ముగ్గురితో ఆట సాగలేదు. నాలుగో వారంలో అక్క చెప్పింది, ఆమె నాన్న పోయారని. ఆమె వెళ్లి చూసిందో లేదో అక్కకీ తెలియదు. ఆ గొడుగు తలుపు మూల అలాగే ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేసేది.

ఏడో ఆదివారం వానలో తడుస్తూ వచ్చింది. అక్క బావను రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. ఆమె తన కుర్చీలోనే కూర్చుంది.

"వెళ్లాను. మూడు రోజులున్నాను. క్షమించమని అడగలేదు. ఎందుకు కొట్టాడో చెప్పలేదు. చలేస్తోంది, కిటికీ మూయమన్నాడు. మూశాను. అంతే."

"తప్పు చేశానండీ."

"చేశారు. ఆ మూడు రోజులూ మీ రాక్షసుడి మాటలు ఆయన నోట వస్తాయేమోనని కాచుకుని కూర్చున్నాను. ఆ ఆశ పెట్టింది మీరే." కళ్లు తుడుచుకుంది. "ఆ ఆశే లేకపోతే అసలు వెళ్లేదాన్నీ కాదు. మిమ్మల్ని ఏం చెయ్యాలో తెలియట్లేదు."

బల్ల మీదున్న ఖాళీ కార్డు, పెన్సిలు నా ముందుకు తోసింది.

"మీకేం కావాలో రాయండి. కథలొద్దు."

స్కేలు లేకుండా గీత గీసే చెయ్యి నాది. రెండుసార్లు రాసి చెరిపాను. 'మీరంటే ఇష్టం. ప్రతి ఆదివారం మీరు రావాలి. కోపంతో వచ్చినా సరే,' అని రాశాను.

చదివింది. మళ్లీ చదివింది.

"తెలుసుకున్నారుగా," అన్నాను. "ఇక చంపుతారా?"

"ఆలోచించుకోవాలి." కార్డును బ్యాగులో దాచుకుంది. "టైం పడుతుంది."

లోపల్నుంచి బావ కేకేశాడు. "టీ మూడు కప్పులా, నాలుగా?"

ఆమె నావైపు చూడలేదు. పాచికలు మాత్రం చేతిలోకి తీసుకుంది.

"నాలుగు," అంది.