విశాఖ నుంచి టొరంటోకి ఎంతసేపు

పలాస స్టేషన్ రోడ్డులో ఉదయ్ భాస్కర్ నడిపే టికెట్ల షాపులోకి నిహారిక మొదటిసారి వానకు తడిసి వచ్చింది. జీడిపప్పు కంపెనీలో అకౌంట్లు చూసుకుని, ఇంటికి టెక్కలి బస్సెక్కబోతుంటే జల్లు పట్టుకుంది.

చున్నీ పిండుకుంటూ, విశాఖ నుంచి టొరంటో ఎంత దూరమని అడిగింది.

"దగ్గర దగ్గర పదమూడు వేల కిలోమీటర్లండి. ఆగి ఆగి వెళ్తే ఒకటిన్నర రోజు."

ఆమె ముఖం వెలిగిపోయింది. దూరం విని మురిసిపోయిన కస్టమర్‌ని భాస్కర్ ఎన్నడూ చూడలేదు. ఆ నవ్వు మళ్లీ చూడాలని మనసు లాగింది.

అందుకని కష్టపడి ఇంకాస్త త్వరగా చేరే ఫ్లైట్లు వెతికి పెట్టాడు. రెండోసారి వచ్చినప్పుడు నాలుగు గంటలు తగ్గించి చెబితే ఆమె ముఖం వాడింది. చాలలేదు కాబోలు అనుకుని, మూడోసారికి అసలు సిసలు రూటు పట్టుకున్నాడు. పొద్దున్న విశాఖలో ఎక్కితే ఆ రాత్రికే టొరంటోలో దిగొచ్చని గొప్పగా చెప్పాడు.

"తగ్గించమని మిమ్మల్ని ఎవరడిగారండీ?" అంది నిహారిక, కళ్లలో నీళ్లతో.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. టొరంటో సంబంధం ఒకటి వచ్చింది. అబ్బాయి మంచివాడే. కానీ నిహారిక వాళ్లింట్లో ఒక పట్టింపు: ఆడపిల్ల పొద్దున్న బయల్దేరితే ఆ రోజే పుట్టింటికి చేరే దూరంలోనే ఇస్తారు. ఈ సంబంధం తప్పిపోతుందని ఆమె ఆశంతా ఆ పట్టింపు మీదే. తండ్రితో అబద్ధమాడే అలవాటు లేదు, విన్నది విన్నట్టు చెప్పేస్తుంది.

"ఫోన్లో సూసుకోవచ్చు కదండీ, మూడుసార్లు ఇక్కడిదాకా ఎందుకు?" అన్నాడు భాస్కర్ దిగులుగా.

"అదీ నేనే సెప్పాలా?" అని ఆమె వానలోకి వెళ్లిపోయింది.

భాస్కర్‌కి అప్పుడు అర్థమైంది. ఆ పెళ్లికి దారి వేసింది తనే.

మర్నాడు తండ్రి రమణమూర్తి మాస్టారే కూతుర్ని వెంటబెట్టుకుని షాపుకి వచ్చారు. ఆ రోజే చేరడం నిజమేనా అని అడిగారు. అలాంటి ఫ్లైట్ లేదనే మాట భాస్కర్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మాస్టారి ముఖం చూసి ఆగిపోయాడు.

"నిజమేనండి. కానీ అక్కడి గడియారం మనకన్నా బాగా వెనక నడుత్తాదండి. అందుకే అదే తారీఖు. అది సెప్పకపోవడం నా తప్పు."

"మరి అక్కణ్ణించి వచ్చేటప్పుడు?"

"ఎప్పుడెక్కినా ఆ రోజు సేరలేరండి. రాత్రి ఎక్కితే మూడోనాటి పొద్దున్నకండి."

పట్టింపు పుట్టింటికి చేరడం గురించి. మాస్టారు గట్టిగా ఊపిరి వదిలారు. ఆయనకీ ఆ దూరం ఇష్టం లేదని అప్పుడు తెలిసింది. అదే అదనుగా భాస్కర్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకో మాటండి మాస్టారూ. పలాస నించి టెక్కలికి బస్సులో ముప్పావుగంట. మీ అమ్మాయంటే నాకు ఇట్టమండి."

మాస్టారు కూతురివైపు తిరిగారు. "ఇదేటమ్మా, నీకు తెలుసా?"

"గడియారం సంగతి తెలీదు నాన్నా. ఈయన సంగతి తెలుసు."

ఆయన కాసేపు గోడనున్న వరల్డ్ మ్యాప్ చూసి, మీ నాన్నగారిని ఆదివారం మా ఇంటికి తీసుకురమ్మని భాస్కర్‌తో అన్నారు.

"బండి మీదైతే అరగంటలో వచ్చేత్తామండి," అన్నాడు భాస్కర్ సంతోషం పట్టలేక.

"సూడు నాన్నా, మళ్లీ తగ్గిత్తన్నాడు," అంది నిహారిక. ఈసారి మాత్రం నవ్వుతూనే అంది.