మా అమ్మ ఇచ్చిన ప్రార్థన అంశం

శనివారం సాయంత్రానికల్లా కావాల్సిన పనులు ఇవి.

షామియానా వేయించడం. చర్చి కుర్చీలు తేవడం. వాటి వీపుల మీద దాతల పేర్లు రాసి ఉంటాయి కనుక ఏ దాతనీ ఇంకో దాత వెనక వేయకుండా చూసుకోవడం. నాలుగు వీధులకీ వినబడేలా మైకు సెట్టు మాట్లాడటం. అమలాపురం నుంచి కేకు తేవడం. అచ్చాయమ్మ గారు శనివారం గుడ్డు ముట్టరు కనుక గుడ్డు లేని కేకు, గుడ్డు లేనిది కేకే కాదనే మా మేనత్త కోసం గుడ్డున్న కేకు. ఫ్లెక్సీ కట్టించడం. బిర్యానీకి వీరబాబుని పురమాయించడం, అతను పొద్దున్నే మందు కొట్టకుండా ఒక మనిషిని కాపలా పెట్టడం. పాస్టరు జీవరత్నం గారికి బండి పంపడం. వనీషాకి అసలు మాట చెప్పడం.

చివరిది తప్ప మిగతావన్నీ మా నాన్న కృపానందం గారు పురమాయించినవి. చివరిది తప్ప మిగతావన్నీ అయ్యాయి.

వనీషాది మారిషస్. ఆమె ముత్తాత ఎప్పుడో కోరంగి రేవులో ఓడెక్కి, అక్కడి చెరకు తోటల్లో కూలికి వెళ్ళాడట. ఆయన వదిలిపోయిన ఒడ్డు ఎలా ఉంటుందో చూద్దామని ఒక్కతే బయల్దేరి వచ్చి, బుచ్చిరాజు గారి హోమ్‌స్టేలో నెల రోజులకి దిగింది.

బుచ్చిరాజు గారికి కాట్రేనికోన దగ్గర కొబ్బరి తోటలూ రొయ్యల చెరువులూ ఉన్నాయి. ఆ చెరువుల దగ్గర నేను టెక్నీషియన్ని. పేరు హేమంత్, చదివింది ఎం.ఎస్సీ. మా వంశంలో డిగ్రీ పుచ్చుకున్న మొదటివాణ్ణి నేనేనని మా నాన్న బస్సులో పక్క సీటువాళ్ళకి కూడా చెబుతారు. వాళ్ళు అడగరు. ఆయన చెబుతారు.

మొదటిసారి చూసినప్పుడు వనీషా చెప్పులు చేత్తో పట్టుకుని చెరువు గట్టు మీద హాయిగా నడిచి వస్తోంది. గట్టెక్కేవాళ్ళు ఎవరైనా సరే, ముందు మందు నీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచాలి. బయటి రోగం రొయ్యలకి అంటకుండా అదొక కట్టుబాటు.

"ఏవండీ, ఆగండక్కడ. ఎవరండీ మీరు? కాళ్ళు ముంచేరా?" అని అరిచాను.

ఆమె ఆగింది. నన్ను కిందినుంచి పైదాకా చూసి, నింపాదిగా అంది.

"అయ్యా, క్షమింపుడు. ఇచ్చట కాళ్ళు ముంచవలెనని నాకెవరును చెప్పలేదు."

ఎక్కడైనా కెమెరా పెట్టి నన్ను ఏడిపిస్తున్నారేమోనని చుట్టూ చూశాను.

"మీది ఏ ఊరండీ?"

"మారిషస్. తెలుగు మా తాతగారు నేర్పినారు. పాత వాచకము నుండి. బాగున్నదా?"

"బాగుందండీ. మా ఊళ్ళో ఇంత బాగా ఎవరూ మాట్లాడరు. ముందు దిగి రండి."

ఆ రోజు తొట్టిలో పర్మాంగనేటు కాస్త ఎక్కువ పడింది. ఆమె కాళ్ళు బయటికి తీసేసరికి పాదాలు వంకాయ రంగుకి తిరిగాయి.

"ఇది ఎప్పటికి పోవును?"

"వారం పట్టొచ్చండీ."

"ఈ సంగతి బోర్డు మీద రాయవలెను."

"రాసేవండీ. మీరు అటేపు నుంచి వచ్చేరు."

"అయితే అటువైపును రాయవలెను. చదువుకున్నవారివలె కనబడుచున్నారు, ఆ మాత్రము తోచలేదా?"

మర్నాడు అటువైపు కూడా బోర్డు పెట్టాను. అది చూడటానికి ఆమె వచ్చింది. తరవాత ఏ బోర్డూ లేకపోయినా వచ్చింది. చెరువు నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూసి చెప్పడం నా పని. ఆమె పక్కన నిలబడితే లెక్క తప్పేది.

"నిన్న పదిహేను అన్నారు. నేడు యాభై అనుచున్నారు. రొయ్యలు బ్రతికియుండగానే పచ్చడి అగును" అనేది.

ఊరికి మాత్రం వేరే దిగులు పట్టుకుంది. ఆమె ఏ కులమో ఎంతకీ తేలటం లేదు.

"ఇంటిపేరు అప్పాడు అంటదేంటయ్యా. అప్పాడు అని ఎవరిలో ఉంటది?" అని బుచ్చిరాజు గారు నన్నడిగారు.

"తెలీదండీ."

"పోనీ మెల్లిగా నువ్వడక్కూడదూ."

"అడిగేనండీ. ఆవిడక్కూడా తెలీదంట. వాళ్ళ ముత్తాత గారు ఓడెక్కేటప్పుడు ఆ ముక్క ఒడ్డునే వదిలేసేరంట."

"అలా ఎలా వదిలేస్తారయ్యా" అని ఆయన నిజంగానే బాధపడ్డారు. ఎవరో కాగితాలు లేకుండా పొలం వదిలేసి పోయినట్టు.

ఆ తరవాత బాగా ఆలోచించి ఆయనే తేల్చేశారు. "ముక్కు చూసేవా? అచ్చం మా మేనత్త ముక్కు. మావాళ్ళే." దీనికి కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన ఒప్పుకోలేదు, ఆ నడక తమవాళ్ళదట. మా పేటలో మా మేనత్త, ఆ నవ్వు మన సంఘం పిల్ల నవ్వేనని ప్రకటించింది. ఇలా ఆ పిల్లని ముక్కొకరు, నడకొకరు, నవ్వొకరు పంచుకున్నారు.

తేలనంత కాలం అందరూ ఆమెకి కుర్చీ వేశారు. కులం తెలియని మనిషికి దొరికే మర్యాద ఎంత గొప్పగా ఉంటుందో నేను మొదటిసారి చూశాను. నాది అందరికీ తెలుసు కనుక బుచ్చిరాజు గారింట్లో నాకు కాగితం కప్పులో టీ ఇస్తారు. కరోనా అప్పటినుంచీ, శుభ్రం కోసమట. ఆ శుభ్రం నా ఒక్కడి దగ్గరే ఇంకా నడుస్తోంది.

ఒకరోజు అలా టీ తాగుతుంటే వనీషా తన పింగాణీ కప్పు పక్కన పెట్టేసింది.

"నాకును కాగితపు కప్పే కావలెను."

టీ తెచ్చిన అచ్చాయమ్మ గారు తన భర్త బుచ్చిరాజు గారివైపు చూశారు. ఆయన పేపరువైపు చూశారు. నేను వనీషావైపు చూశాను. అంతే, నా పని అయిపోయింది.

పుట్టినరోజు సంగతి ఆమె మా ఇంట్లోనే నోరు జారింది, మా అమ్మ మార్తమ్మ వడ్డించిన చేపల పులుసు తింటూ.

"ఈ శనివారము నా పుట్టినరోజు. ఇంత దూరములో నాకు మీరే స్నేహితులు. ఏమియు చేయవద్దు. అందరము కూర్చొని టీ త్రాగుదము."

మా నాన్న ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపేశారు. "టీయా అండీ?"

"అవును."

"టీ ఇచ్చి పంపించేస్తే మీ దేశంలో మా గురించి ఏవనుకుంటారండీ? కోనసీమ వెళ్తే టీ చేతిలో పెట్టి పంపేరు అనుకోరా? కూడిక పెడదావండీ."

"కూడిక అనగానేమి?"

"కేకు కొయ్యడానికి ముందు చిన్న ప్రార్థనండీ" అన్నాను నేను.

నా జన్మలో ఆడిన పెద్ద అబద్ధాల్లో అదొకటి. మాలో పుట్టినరోజు కూడిక అంటే పాటలు, వాక్యం, మళ్ళీ పాటలు, ప్రార్థన, సాక్ష్యం, ఆ తరవాత ఓపికున్నవాళ్ళకి కేకు. కొవ్వొత్తులు వెలిగించే వేళకి పుట్టినరోజు పిల్లలు నిద్రపోయి ఉంటారు.

సోమవారం వనీషా ప్రయాణం. ఆలోగా చెప్పకపోతే ఆమె సముద్రం దాటిపోతుంది, నేను రొయ్యలతో మిగులుతాను. చెబుదామంటే మా నాన్న. రాజోలులో క్రిస్టీనా అనే స్టాఫ్ నర్సు సంబంధం ఆయన దాదాపు ఖాయం చేసుకుని కూర్చున్నారు. ఆయన మాటకి నేను ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఎం.ఎస్సీలో జువాలజీ తీసుకున్నది కూడా, అది డాక్టరు చదువుకి పక్కవీధిలా ఉందని ఆయన అన్నందుకే.

శనివారం మధ్యాహ్నం ఒక జల్లు పడింది. షామియానా గుడ్డ నిండా నీళ్ళు చేరి బొజ్జలా వేలాడింది. నేను కర్రతో కిందినుంచి పొడుస్తూ ఉంటే వనీషా వచ్చి నిలబడింది. మా అమ్మ చీర కట్టుకుంది. జడలో రెండు వాన చినుకులు ఇంకా జారకుండా ఉన్నాయి. వాటికున్న తెలివి నాకు లేదు, నేను అప్పటికే జారిపోయి ఉన్నాను.

"ఎట్లున్నాను?"

"బాగున్నారండీ."

"అంతేనా?"

"చాలా బాగున్నారండీ. వనీషా గారూ, మీకు ఒక మాట చెప్పాలండీ."

"చెప్పుడు."

కర్ర పక్కకి జారింది. ఆ నీళ్ళన్నీ ముందు వరసలో చోటు ఆపుకుని కూర్చున్న మా మేనత్త మీద పడ్డాయి. ఆ తరవాత కాసేపు మా మేనత్తే మాట్లాడింది.

బుచ్చిరాజు గారు, అచ్చాయమ్మ గారు కారులో వచ్చారు. వనీషా స్వయంగా పిలిచింది కనుక రాక తప్పలేదు. ఆయన తాగడానికి నీళ్ళు ఇంటినుంచే సీసాలో తెచ్చుకున్నారు. కుర్చీ అంచున కూర్చుని, "హేమంతూ, మాకు పనుందయ్యా, తొందరగా కానిచ్చెయ్యండి" అన్నారు.

పాటలయ్యాయి. వాక్యం అయింది. "అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఏకీభవించండి" అన్నారు జీవరత్నం గారు.

"ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రం. ఈ బిడ్డని సముద్రం దాటించి మా పేటకి తెచ్చేవు, స్తోత్రం. సోమవారం ఈ బిడ్డ ఎక్కే విమానాన్ని కాయి తండ్రీ. పైలట్ గారిని కాయి. పక్కన కూర్చునే పైలట్ గారిని కాయి. ఇంజన్లు కాయి. రెక్కలు కాయి. చక్రాలు కాయి..."

చక్రాల దగ్గరికి వచ్చేసరికి నాకు కునుకు పట్టింది.

"తండ్రీ, నీ దాసురాలు మార్తమ్మ గారు ఇచ్చిన ప్రార్థన అంశం నీ పాదాల దగ్గర పెడుతున్నాం. ఆమె కొడుకు హేమంత్ ఈ బిడ్డ మీద మనసు పెట్టుకుని, నోరు విప్పి చెప్పలేక, అన్నం సగంలో వదిలేసి లేచిపోతున్నాడు తండ్రీ. ఎం.ఎస్సీ చదివేడు గానీ ధైర్యం లేదు తండ్రీ. ధైర్యం దయచెయ్యి. రాజోలు పిల్లకి ఇంతకంటే మంచి సంబంధం చూపించు. ఈ బిడ్డ మనవాళ్ళ పిల్లే అయ్యేలా కృప చూపించు."

మైకు నాలుగు వీధులకీ పెట్టించింది నేనే.

కళ్ళు తెరిచాను. పేటంతా కళ్ళు మూసుకునే ఉంది. ఎదురుగా వనీషా మాత్రం కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. ఇంతమంది మధ్యలో మా ఇద్దరికీ అంత ఏకాంతం ఎప్పుడూ దొరకలేదు. కాకపోతే ప్రార్థనలో కళ్ళు మూసుకునే అలవాటు లేని బుచ్చిరాజు గారు, అచ్చాయమ్మ గారు ముందు వరసలో కూర్చుని మమ్మల్ని తీరిగ్గా చూస్తున్నారు.

"ఆమెన్" అని అందరికంటే గట్టిగా అన్నది మా నాన్న. దేనికి అన్నారో ఆయనకి కాస్త ఆగి అర్థమైంది.

"మార్తా" అన్నారు, మెడ తిప్పి.

"ప్రార్థనండీ. ప్రార్థన మీద కోపం తెచ్చుకోకూడదు" అంది మా అమ్మ.

మా ఇంట్లో నాన్నకి ఏదైనా చెప్పాలంటే అమ్మ ముందు పాస్టరు గారికి చెబుతుంది. ఆయన దేవుడికి చెబుతారు. నాన్న కళ్ళు మూసుకుని వింటారు. నా ఎం.ఎస్సీ ఫీజు కూడా అలాగే మంజూరైంది. నా పెళ్ళి కూడా ఆ దారినే పంపుతుందని నేననుకోలేదు.

తరవాత సాక్ష్యం. పుట్టినరోజు మనిషి మైకు పట్టుకుని నాలుగు మాటలు చెప్పాలి. వనీషా లేచింది.

"అందరికి నమస్కారము. విమానము యొక్క చక్రముల కొరకు ప్రార్థించినందులకు కృతజ్ఞతలు."

అందరూ నవ్వారు.

"మీరందరు నన్ను నెల రోజులుగా ఒక ప్రశ్న అడిగినారు. దాని జవాబు మా ముత్తాతగారు వెంట తీసుకొని రాలేదు. మొదట నేను సిగ్గుపడితిని. ఇప్పుడు ఆయన మంచి పని చేసినారని తోచుచున్నది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇంక రెండవ విషయము. మార్తమ్మ గారు పాస్టరు గారికి చెప్పినారు. పాస్టరు గారు దేవునికి చెప్పినారు. నాకు చెప్పవలసిన మనిషి మాత్రము ఇంకను చెప్పలేదు."

మైకు తెచ్చి నా చేతిలో పెట్టింది. నాలుగు వీధులూ వింటున్నాయి.

"వనీషా గారూ, అమ్మ చెప్పింది నిజవేనండీ. మీరు వెళ్ళిపోతారని తెలిసినకాడ్నుంచీ నేను చెరువు నీళ్ళు కూడా సరిగ్గా చూడట్లేదండీ."

"ఏంటీ?" అన్నారు బుచ్చిరాజు గారు.

"మీరు ఏవిట్లో, ఏ కులవో నాకు అక్కర్లేదండీ. మనవాళ్ళే అవ్వాలని అమ్మ అడిగింది గానీ నేను అడగట్లేదు. నేనెవర్నో, మా ఇల్లేంటో మీరు చూసేరు. ఇష్టవైతే చెప్పండి. లేదంటే సోమవారం కారు నేనే మాట్లాడతాను, విశాఖపట్నం దాకా వచ్చి ఎక్కిస్తానండీ."

"ఆయ్" అంది వనీషా.

మావైపు అవునండీ అనడానికి వాడే ఆ మాట ఏ వాచకంలోనూ లేదు. వంటింట్లో మా అమ్మ దగ్గర పట్టుకుంది.

ఈలలు పడ్డాయి. మా నాన్న పాస్టరు గారి చెవిలో, "రాజోలు వాళ్ళకి ఏం చెప్పమంటారండీ" అని అడుగుతున్నారు. అడుగుతూనే వనీషాకి కుర్చీ జరిపారు. ఆయన ఒప్పుకున్నారని మాకు అలా తెలిసింది.

బుచ్చిరాజు గారు లేచారు. తన మేనత్త ముక్కు చేజారిపోయిన కోపం ముఖంలో కనబడుతోంది.

"పద, మనకి పనుంది."

అచ్చాయమ్మ గారు లేవలేదు. "మీరు పదండి. నేను కేకు తిని వస్తాను."

"ఇక్కడా?"

"పిలిచింది ఇక్కడికే కదండీ."

ఆయన నీళ్ళ సీసా తీసుకుని కారెక్కి వెళ్ళిపోయారు.

కేకు కోశారు. మా అమ్మ పెట్టిన గుడ్డు లేని ముక్క అచ్చాయమ్మ గారు అందరి ముందూ తిన్నారు, మా గ్లాసులో మా నీళ్ళు తాగారు. పుట్టినరోజుకని తెచ్చిన చీరా పళ్ళూ వనీషా ఒళ్ళో పెట్టి, మా అమ్మవైపు తిరిగి, "నీ కోడలికి మొదటి చీర నాదే వదినా" అన్నారు. అప్పటిదాకా ఆవిడ మా అమ్మని పేరు పెట్టి పిలవడమే విన్నాను. మా అమ్మకి కోడలు దొరికినందుకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

వనీషా వెళ్ళింది. వచ్చే నెల అమ్మానాన్నలతో వస్తోంది. టీ చాలంటున్నారట వాళ్ళు కూడా. మా నాన్న అప్పుడే షామియానా మాట్లాడేశారు. క్రిస్టీనా వాళ్ళు "ఏం పర్లేదండీ" అని ఎంత తొందరగా అన్నారంటే మా నాన్న కొంచెం నొచ్చుకున్నారు. నా ఉద్యోగం పోలేదు. రొయ్యలకి ఈ గొడవలేవీ తెలియవు, నీళ్ళు ఎవరో ఒకరు చూడాలి.

అచ్చాయమ్మ గారు ఆ సాయంత్రం మా నాన్న తోడు రాగా నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు. గేటు దగ్గర "ఇంక మీరు వెళ్ళండి అన్నయ్య గారూ" అని మా నాన్నని పంపేసి, ఒక్కరే లోపలికి వెళ్ళారు. ఆ తరవాత ఆవిడ వరండాలోకి రావటం నేను చూడలేదు. లోపల ఏం మాటలు పడ్డారో, ఇంకా పడుతున్నారో మాకెవరికీ తెలియదు. మాకు దొరికిన సంతోషానికి ఖరీదు కడుతున్నది ఆవిడేనేమోనని అమ్మ రోజూ అంటుంది.

ప్రార్థన చేసుకునేవాళ్ళయితే మీ ప్రార్థనలో అచ్చాయమ్మ గారిని జ్ఞాపకం చేసుకోండి. ఆ అలవాటు లేనివాళ్ళు ఊరికే జ్ఞాపకం చేసుకున్నా చాలు.