చేతులు కొరికే కిటికీలు

కళింగపట్నం రేవు వెనక దొర బంగళా ఉంది చూశారూ — దాని పక్కగా నడిచేటప్పుడు మా పేటవాళ్లు చేతులు జేబుల్లోంచి తియ్యరు. ఆ ఇల్లు చేతులు కొరుకుతుందట. సూరయ్యకి రెండు వేళ్లు... గంగులుకి మణికట్టు...

ఇంగ్లాండులో వీధి ఇళ్లు ఎలా ఉంటాయో అచ్చం అలాగే కట్టించుకున్నాడా దొర. సన్నగా మూడంతస్తులు, ఎర్ర ఇటుక. మన ఉక్కలో చలి కాచుకోడానికి గోడలో పొయ్యి కూడానూ! కిటికీ రెక్కలు తలుపుల్లా తెరుచుకోవు. పైకి తోస్తే జారతాయి, వదిలినచోట ఆగుతాయి. ఇప్పుడు గేటుకి ‘రక్షిత కట్టడం’ బోర్డు, తలుపుకి తాళం.

ఇప్పుడు చెప్పేది కూర్మమ్మత్త నాతో చెప్పింది. ఆవిడ మొగుడు నాగబాబుకి కొత్త వల అడుగున కట్టడానికి బరువులు కావాలి. ఆ కిటికీ చట్రాల లోపల తాళ్లకి ఇనప గుండ్లు వేలాడతాయని పేటంతా ఎరుగుదురు. చీకటి పడ్డాక బావమరిది బాబీని వెంటేసుకెళ్లాడు.

“బావా... ఎలిపోదాం. లోపల ఏటో కదుల్తన్నాది.”

“నీ గుండెకాయరా అది. లైటు పట్టు.”

నాగబాబు బయటే నిలబడి రెక్క పైకి తోశాడు. చెయ్యి లోపలికి పెట్టి, చట్రానికున్న చెక్కమూత పీకాడు. ఒక తాడు కోశాడు — గుండు చేతికొచ్చింది. రెండోవైపు తాడు కూడా కోశాడు...

ధడేల్!

టేకు రెక్క మోచేతి మీద పడింది. ఎముక పటుక్కుమంది. అద్దం పగిలి కండలోకి దిగింది. నెత్తురు గోడంతా చిమ్మింది. లాగేకొద్దీ గాజుపెంకు ఇంకా లోతుకి... ఈ చెయ్యి పోతే వల లాగేదెలా? అంత నొప్పిలోనూ అతనికి అదే భయం.

“ఒరే బాబీ... ఎత్తరా...”

రెక్క లేచింది. చెయ్యి లాక్కుని కూలిపోయాడు.

జనం వచ్చి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లారు. చెయ్యి దక్కింది. పేటంతా దెయ్యం, దెయ్యం! దెయ్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు — రెక్కని పైన నిలబెట్టేది ఆ గుండ్ల బరువే. కిటికీ కిటికీకీ మనవాళ్లే వాటిని పీక్కుపోతే, కొరక్క ముద్దు పెట్టుకుంటుందా?

ఈ సంగతి తెలిసి కూర్మమ్మత్త నవ్వుకుంది. మొగుడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు, తమ్ముడి కంచంలో వంజరం చేప పులుసు పోస్తూ, “నువ్వు ఎత్తకపోతే మీ బావ సెయ్యి తెగిపోయీదిరా” అంది.

బాబీ ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేశాడు.

“నాను ఎత్తలేదే అక్కా... ఆ సప్పుడుకే రేవుకి పరిగెట్టీసినాను.”

పక్కనే కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నాగబాబు గొణిగాడు —

“నువ్వే లోపలికి దూరీసి ఎత్తినావనుకున్నానురా... ఆ సేతులు రెండూ... లోపలివైపు ఉన్నాయి.”