మూల షెడ్డులో దెయ్యానికి పీట

నా రెండు కళ్ళ మీద ఒట్టు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైతే నా పళ్ళన్నీ ఊడిపోవాలి. ఉన్నవి నాలుగే కదా అని నవ్వకు, ఆ నాలుగూ నాకు ప్రాణం.

రాత్రుళ్ళు ఆ సుత్తి చప్పుడేమిటని అడిగావు కాబట్టి చెబుతున్నాను పిల్లా. పక్క వాటాలో దిగి వారం కాలేదు, అప్పుడే నిద్ర లేక నీ కళ్ళు గుంటలు పడ్డాయి. ఇలా దగ్గరికి జరుగు. గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

మన పెరటి గోడకి ఆనుకుని రేకుల షెడ్డుంది చూడు, బళ్ళకి సొట్టలు తీసే మేస్త్రీది. ముందు సగానికి ఏ చెడ్డపేరూ లేదు. వెనక మూల మాత్రం... అబ్బో!

పన్నెండేళ్ళ కిందట పెద్ద మేస్త్రీ — ఇప్పటి మేస్త్రీకి పిల్లనిచ్చిన మామ — ఆ మూలలోనే, చేతిలో సుత్తితో కూలిపోయాడు. ఆయన పిడికిట్లోంచి సుత్తి ఊడదియ్యడానికి ఎనిమిది మంది పట్టారు. అప్పట్నుంచి ఆ గోడ మీద బల్లి అరవదు. పిల్లులు పట్టపగలు కూడా జంటగా తప్ప అటు పోవు. బ్యాటరీ తీసేసిన బండి కూడా అర్ధరాత్రి హారను కొడుతుంది.

పోయిన నెల సరిగ్గా ఆ మూలకే ఒక పికప్పు బండి వచ్చింది.

మొక్కలమ్ముకునే ఆమెది. బండికి ఆమె వయసే. గేటు స్తంభాన్ని గుద్ది మూతి పగలగొట్టుకుంది. బంపరు నడుం విరిగింది. గ్రిల్లు పళ్ళు రాలాయి. ఒక దీపం ఆకాశం చూస్తోంది, ఒకటి నేల చూస్తోంది. ఎడమ మడ్‌గార్డు చక్రాన్ని కరిచి పట్టుకుంది. బానెట్టులో పడ్డ గుంటలో పిల్లి పురుడు పోసుకోవచ్చు, నాలుగు పిల్లల్తో సహా!

మేస్త్రీ కొడుకొచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"నాన్నా, దీనికి కావలసింది రిపేరు కాదు, దహనం."

"నోర్ముయ్. దాని ఇంజను నీకంటే బుద్ధిమంతురాలు."

"ఇంజను సంగతి సరే, నీ సంగతేంటి? చెయ్యి చెవి దాటి లేవట్లేదు. ఇప్పుడు ఎవడైనా కొత్త ముక్క కొని బిగిస్తున్నాడు గానీ ఇలా సుత్తి పట్టుక్కూర్చుంటున్నాడా? షెడ్డు మూసేసి గోడౌనుకిచ్చేద్దాం."

మేస్త్రీకి కోపం రావాలి. రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి కదా. ఆయన అలసట ఆ రోజుది కాదు, నలభై ఏళ్ళది... ఎముకల్లో తుప్పులా పేరుకుంది.

"మూడో తెల్లారికి దీని మొహం సరిచేస్తాను," అన్నాడు. "చెయ్యలేకపోతే తాళాలు నీ చేతిలో పెట్టేస్తాను."

అనేశాక, మాట వెనక్కి తీసుకునే ఓపికా లేకపోయింది.

మొదటి రోజు బండిని స్తంభానికి గొలుసుతో కట్టి, వంగిన ఛాసిస్‌ని లాగాడు. బంపరు విప్పాడు. పొద్దు వాలే వేళకి మడ్‌గార్డు పట్టాడు. అక్కడే వచ్చింది తంటా.

సొట్ట తియ్యడానికో వరస ఉంది. చివర పడ్డ ముడత ముందు విప్పాలి, ముందు పడ్డ గుంట చివర లేపాలి. రేకు వెనక ఇనప దిమ్మ ఆనించి, పైనుంచి సుత్తితో కొడుతూ అంచుల్నుంచి లోపలికి రావాలి. పెద్ద మేస్త్రీ ఉన్న రోజుల్లో దిమ్మ పట్టడానికి ఆయన కూతురుండేది. ఆడపిల్లకి సుత్తెందుకని దిమ్మ చేతికిచ్చాడు మహానుభావుడు! పెళ్ళయ్యాక మొగుడికీ పట్టింది, మోకాళ్ళు అరిగి ఇంట్లో కూలబడేదాకా.

మేస్త్రీ ఆ సాయంత్రం ఒంటరిగా, కళ్ళు మూతలు పడుతూ, ముందే గుంట మీద కొట్టాడు.

రేకు సాగిపోయింది. ఇటు నొక్కితే అటు, అటు నొక్కితే ఇటు — కప్ప గొంతులా టప్ టప్‌మని ఆడింది. మూతి మీద మీసం రాని కుర్రకుంక చేసే తప్పు. మేస్త్రీ సుత్తిని మేకుకి తగిలించి, నేల మీద చతికిలబడి, చాలాసేపు ఆ బండి పగిలిన మొహం చూశాడు. అదీ ఈయన్నే చూసింది. ఇద్దరూ ఒకేలా ఉన్నారు.

ఆ రాత్రి... ఠంగ్.

మేస్త్రీ కళ్ళు తెరిచాడు.

ఠంగ్... ఠంగ్...

వెనక దిమ్మ ఉంటేనే సుత్తి అలా మోగుతుంది. లేకపోతే డబ్బుమంటుంది. అంటే కొట్టేది పని తెలిసిన చెయ్యి. కానీ షెడ్డుకి తాళం వేసొచ్చాడే!

వంటింట్లో పడుకునే పెళ్ళాన్ని లేపుదామా అనుకున్నాడు. ఆవిడ గురక పడలేకే మంచం అక్కడికి మార్పించాడు. పొద్దంతా చాకిరీ చేసిన మనిషి, పడుకోనీ పాపం అని దుప్పటి ముసుగేసుకున్నాడు. ముసుగు కింద చెమటకి దిండు వరదలో తెప్పలా తేలిందట.

పొద్దున తాళం తాళంలాగే ఉంది. సుత్తి మేకుకే వేలాడుతోంది.

మడ్‌గార్డు మీద మాత్రం చుట్టూ ముడతలన్నీ విడిపోయాయి. వరస తప్పకుండా, అంచుల్నుంచి. ముడతలు విడగానే ఆ కప్ప గొంతూ సద్దుమణిగింది, మడ్‌గార్డు చక్రాన్ని వదిలేసింది.

మేస్త్రీ అంచు పొడుగునా వేలితో తడిమాడు. ఈ వరస అంత ఖాయంగా తెలిసినవాడు ఒక్కడే. ఆయన పోయి పన్నెండేళ్ళు.

రెండో రాత్రీ అంతే. ఠంగ్... ఠంగ్... తెల్లారేసరికి బానెట్టు అంచులు గీత గీసినట్టున్నాయి. నడిమి గుంట ఒక్కటే మిగిలింది. అదే కష్టం. పగలంతా మేస్త్రీ దాని మీదే కూర్చున్నాడు. పది దెబ్బలు కొట్టేసరికి భుజం కింద పడిపోయింది, చెయ్యి తనది కానట్టు. సాయంత్రం తాళాల గుత్తి జేబులోంచి తీసి, ఒకసారి చూసుకుని, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

మూడో రాత్రి ఇంటికి పోలేదు. పికప్పు ముందు సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. దెయ్యమైతే దెయ్యం... ఒక్కమాట క్షమాపణ చెప్పుకుని పోదామని.

దీపం లేదు. గాలి లేదు.

ఎప్పుడో తలుపు కిర్రుమంది. అడుగులు... ఒకటి ఆనించి, ఒకటి ఈడ్చి. తరవాత బానెట్టు మీద —

సర్... సర్... సర్...

గుడ్డ చుట్టిన అరచెయ్యి రేకుని తడుముతోంది. సొట్టని మేస్త్రీలు కళ్ళతో చూడరు, అరచేత్తో చూస్తారు. ఆ చెయ్యి మెల్లగా అద్దం దాకా వచ్చింది... ఆగింది.

అద్దానికి అవతల తెల్లటి తలపాగా. మొహం ఉండాల్సిన చోట చీకటి.

"మావయ్యా..." మేస్త్రీ గొంతు పీలగా వచ్చింది. "తప్పయిపోయింది. గుంట ముందు కొట్టాను."

తలపాగా కాస్త ముందుకి వంగింది.

"ఊఁ."

మేస్త్రీ గుండె ఊడి కడుపులో పడింది. సత్యప్రమాణంగా పడింది, తరవాత దగ్గితే గానీ పైకి రాలేదు.

"నాకిక ఓపిక లేదు మావయ్యా. పొద్దున తాళాలిచ్చేస్తాను. మీరు ఆశ పడకండి."

సుత్తి మేకు మీంచి దిగిన చప్పుడైంది. ఆ తరవాత బొంగురుగా, ఊపిరితో —

"దిగు. దిమ్మ పట్టు."

దిగాడు. కళ్ళు గట్టిగా మూసుకునే దిగాడు. బానెట్టు కిందకి చెయ్యి చాచి దిమ్మ ఆనించాడు. దిమ్మ పట్టడానికి భుజం ఎత్తక్కర్లేదు కదా.

ఠంగ్... ఠంగ్... ఉఫ్...

రెండు దెబ్బలు, ఒక నిట్టూర్పు. రెండు దెబ్బలు, ఒక నిట్టూర్పు. పెద్ద మేస్త్రీ కొడితే రేకుల మీద వాన పడ్డట్టుండేది. ఇలా మధ్యలో రొప్పే సుత్తి ఆయనది కాదు. మేస్త్రీకి అది తెలీకుండా ఉంటుందా? అయినా కళ్ళు తెరవలేదు. భయమో, ఇంకొకటో... ఆయన్నే అడగాలి.

కోడి కూతకి గుంట లేదు.

తెల్లారి కొడుకొచ్చాడు. తాళాల కోసం చాచిన చెయ్యి అలాగే బానెట్టు మీద పెట్టాడు. నిమిరాడు. మళ్ళీ నిమిరాడు.

"ఎవరు చేశారిది?"

"మీ తాతయ్య."

కొడుకు నవ్వబోయి, తండ్రి మొహం చూసి ఆగిపోయాడు. ఆ తరవాత తాళాల మాట ఎత్తితే ఒట్టు. పుట్టీ, రంగూ అయ్యాక మొక్కలామె బండెక్కి పోయింది. పెళ్ళికూతురైనా అంత నిగనిగలాడదు!

అసలు చిత్రం ఇంకోటుంది. ఆ సాయంత్రమే మేస్త్రీ ఆ మూలలో ఒక పొట్టి పీట వేశాడు. దాని మీద పాత దిండు పెట్టాడు. ఇంటి వైపున్న గోడకేసి గట్టిగా అన్నాడు —

"దెయ్యాలక్కూడా మోకాళ్ళ నొప్పులుంటాయట!"

పెద్ద మేస్త్రీ ఆరడుగుల మనిషి. ఆయనకి పొట్టి పీటెందుకో! ఇప్పుడు మూలలో ఎవరిదో పాత వ్యాను మూతి చక్కబడుతోంది, నువ్వు వినేది ఆ చప్పుడే. మొగుడి చెయ్యి లేవట్లేదని పెళ్ళాం సుత్తి పడితే ఆ మొగుడు తలెత్తుకోగలడా? దెయ్యం పడితే ఎవరికీ నామోషీ లేదు.

సరే, పొద్దెక్కింది, లే పిల్లా. ఆ బొంత కింద సుత్తుంది, షెడ్డు మారు తాళంచెవీ ఉంది, తీసుకో. రాత్రి నిద్ర ముంచుకొచ్చి చేత్తోనే ఇంటికి తెచ్చేశాను. మా ఆయన స్నానానికి వెళ్ళాడు. బయటికొచ్చేలోపు కొంగు కింద దాచి, మూల గోడ మేకుకి తగిలించి రా. పిడి కిందకుండాలి సుమా... మా నాన్న అలాగే పెట్టేవాడు.