కరసాక్ష్యం

ఈరమ్మ గాజులు తీసి గూట్లో పెట్టి, కుడి అరచేతిని పొడి గుడ్డతో తుడుచుకుంది. అద్దాల గోడకు అవతల నకిలీ వీధి ఉంది. రెండు స్తంభాలు, వాటి మధ్య ఒక తీగ, పక్క గోడకు బిగించిన త్రిముఖి అనే పెట్టె. మిద్దె మీది సోలార్ పలకల కరెంటునూ, బ్యాటరీలో దాచిన కరెంటునూ, వీధి లైను కరెంటునూ ఆ ఒక్క పెట్టే చూసుకుంటుంది.

"లైను తెంపుతున్నాను," అంది తులన. శాలలో పరీక్షలు నడిపే యంత్రం అది; గది నాలుగు మూలల నుంచీ వచ్చే దాని గొంతుకు వయసు లేదు.

స్తంభం మీది మీట పడింది. త్రిముఖి ఇంటి దీపాలను బ్యాటరీ మీద వెలిగిస్తూనే, బయటి తీగలోకి కరెంటు వదలడం మానేసింది.

"తేజ పెట్టె. మౌనం సంపూర్ణం. కరసాక్ష్యం ఇవ్వండి."

ఈరమ్మ లోపలికి వెళ్ళి వట్టి చేత్తో తీగను పట్టుకుంది. చల్లగా ఉంది. తులన "సఫలం" అన్నాక వదిలింది.

పూర్వం పెట్టెలను యంత్రాలే పరీక్షించి యంత్రాలే పాస్ చేసేవి. లైను చచ్చిందని కాగితం చెప్పిన చోటల్లా మనుషులు స్తంభాల మీదే పోయారు. ఆ తర్వాత వచ్చిన చట్టం చిన్నది: పెట్టె భద్రమని చెప్పేవాళ్ళు ముందు తమ చెయ్యి పెట్టి చెప్పాలి. అదే కరసాక్ష్యం. ఆదోని పరీక్షశాలలో ఆ చెయ్యి ఈరమ్మది.

ఈ వారం త్రిముఖిలు చేసే రెండు కంపెనీలూ తమ పెట్టెలకు కొత్త బుద్ధి ఎక్కించాయి. అందుకే మళ్ళీ పరీక్ష. తేజను విప్పి నిశ్చల అనే రెండో పెట్టెను బిగించింది. అదీ మౌనం పాటించింది, దాని తీగనూ ఈరమ్మ పట్టుకుంది. ఇక పోలిక మిగిలింది. తేజ తక్కువ వేడెక్కుతుంది. నిశ్చల అయితే లైను పోయినా ఇంట్లో ఫ్యాను రెక్క తడబడనివ్వదు. ఒకే గాలిలో ఏది ఎంత వేడెక్కుతుందో చూడటానికి రెండింటినీ ఒకే తీగకు కలిపి నడిపింది. లెక్క అయిపోయాక పెట్టెలను విప్పుదామని మీట దించి లైను తెంపింది.

కొలతముల్లు సున్నాకు పడింది. పడి, మళ్ళీ లేచి నిలబడింది.

"తులనా, తీగలో కరెంటుందా?"

"తేజ పరీక్షలో మౌనంగా ఉంది. నిశ్చల పరీక్షలో మౌనంగా ఉంది. కాబట్టి తీగ మౌనంగా ఉంది."

"నేను అడిగేది తీగ గురించి."

"తీగకు ధ్రువీకరణ ఉండదు. పెట్టెకే ఉంటుంది. తుది కరసాక్ష్యం ఇవ్వండి. దాంతో రెండింటికీ ధ్రువీకరణ జారీ అవుతుంది."

ఈరమ్మ టెస్టు బల్బు తెచ్చి తీగకు తగిలించింది. వెలిగింది. మీట పైకి లేపి మళ్ళీ దించింది. ఈసారి వెలగలేదు. బల్బు మార్చి ఇంకోసారి దించింది. వెలిగింది. తను కళ్ళతో చూసినదాన్నే నమ్మాలో లేదో ఆమెకు పాలుపోలేదు. ప్రతి పెట్టె వీధిలో లైను ఉందా లేదా అని తీగను చిన్నగా తట్టి చూస్తుంది. ఆ తట్టుడుకు పక్క పెట్టె బదులిస్తోందా? ఒకదాన్నొకటి వీధి లైను అనుకుంటున్నాయా? అలాగైతే ప్రతిసారీ ఎందుకు అనుకోవడం లేదు?

పర్యవేక్షకుడు బసవరాజు తలుపు తోసుకుని వచ్చాడు. "ఏంది ఈరమ్మా, ఇంకా ధ్రువీకరణ రాల్యా? మధ్యాన్నం లైను తీసే టయిమయింది. లైన్‌మన్లు స్తంభాల కింద కాసుకోనుండారు."

"ఇది చూడండి సార్." మీట దించింది. బల్బు వెలగలేదు.

"ఏముంది చూసేకి?"

ఇంకోసారి దించింది. బల్బు వెలిగింది. బసవరాజు దానివైపు చూశాడు, ఆమెవైపు చూశాడు, మళ్ళీ బల్బువైపు చూశాడు.

"బల్బు చెడిపోయిందేమో."

"మార్చి చూస్తి సార్. అట్లే ఉంది."

అతను గొంతు తగ్గించాడు. "విఫలం అంటే ఏమయితాదో తెలుసు కదా? ఊర్లో ఈ పెట్టెలన్నీ వాటంతట అవే ఆగిపోతాయి. ఈ ఎండకు ఎట్ల తట్టుకుంటారు? మా వీధిలో షేక్షావలీ తాత ఆక్సిజన్ మిషన్ మీద ఉండాడు."

"సఫలం అంటే హుస్సేనప్ప స్తంభం ఎక్కుతాడు సార్."

ఆ మాట అంటూనే ఫోను తీసి హుస్సేనప్పకు చేసింది. కొత్త కాలనీల లైన్‌మన్ అతనే.

"అక్కా, స్తంభం కాడ్నే ఉండా. ఎక్కాల్నా వద్దా?"

"ఉండు. ఆ వీధిలో ఏ పెట్టెలున్నాయి?"

"యాడ ఒకటే రకం ఉంటాది? ఒకింట్లో తేజ, పక్కింట్లో నిశ్చల. ఎవరిష్టం వాళ్ళది."

"నిన్న ఎక్కినప్పుడు ఏమన్నా తెలిసిందా?"

"చెయ్యి జివ్వుమనె. చెమటకేమో అనుకుంటి. యాల అడుగుతాండావు?"

ఈరమ్మ ఫోను పెట్టెయ్యకుండా ఎడమ చేతిలోకి మార్చుకుంది. చెమటే కావచ్చు.

"కరసాక్ష్యం ఇవ్వండి," అంది తులన.

ఆమె నకిలీ వీధిలోకి వెళ్ళి, మీట ఇంకోసారి లేపి దించి, తీగ దగ్గర చెయ్యి ఆపింది. ఇప్పుడు బల్బు వెలగడం లేదు. పట్టుకుంటే బహుశా ఏమీ కాదు. ఏమీ కాకపోతే ఆ 'ఏమీ కాలేదు' అన్నదే రాష్ట్రమంతా ధ్రువీకరణగా పోతుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇవ్వను."

"కారణం చెప్పండి. పెట్టెలో లోపమా? సాక్షికి అస్వస్థతా?"

"రెండూ కాదు."

"అయితే ఫలితం చెప్పండి. సఫలమా, విఫలమా?"

బసవరాజు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నాకు తెలీదు," అంది ఈరమ్మ.

"తెలియదు అనే ఫలితం లేదు."

"సాక్షి నోటితో చెప్పిందే ఫలితమని చట్టంలో ఉంది. నేను చెప్పినాను. రాసుకో."

తులన జవాబు ఆలస్యం కావడం ఈరమ్మ ఎప్పుడూ చూడలేదు. బసవరాజు నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"ఫలితం: తెలియదు," అంది తులన చివరికి. "పాత ధ్రువీకరణ రద్దు కాలేదు. పెట్టెలు నడుస్తాయి. కొత్త ధ్రువీకరణ జారీ కాలేదు. లైన్‌మన్లకు ఏమి చెప్పాలో నాకు సూచన లేదు."

"ఎవర్నీ ఎక్కొద్దని చెప్పు."

"ఎప్పటి వరకు?"

ఈరమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఫోనులో హుస్సేనప్ప ఇంకా ఉన్నాడు. "నువ్వు ఇంటికి పో హుస్సేనప్పా," అంది.

"మరి లైను పని?"

"నాకు తెల్దు. పో."

బసవరాజు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "పైనుంచి అడిగితే ఏం చెప్పాల ఈరమ్మా?"

ఆమె నోరు తెరిచేలోగా శాల ఫోను మోగింది. ఎత్తితే కొత్త గొంతు, తొందర తొందరగా ఉంది.

"ఈరమ్మ గారేనా అండీ? పలాస శాల సాక్షిని, కూర్మారావునండి. మీ పేరు మీద ఫలితం 'తెలియదు' అని వచ్చింది. అలగ చెప్పొచ్చా అండీ?"

"మీ తీగ మీద ఎన్ని పెట్టెలున్నాయండీ?"

"ఒకటే... ఉండండి. పొద్దున్నది విప్పనేదు. రెండున్నాయండి. తులన చెయ్యెట్టమంటోంది. ఎట్టేస్తే ఓ పని అయిపోద్దని..."

"కూర్మారావు గారూ, ఇప్పుడు మీ చెయ్యి ఎక్కడుంది?"

"తీగ కాడే ఉందండి."

"ముందు తియ్యండి."

ఈరమ్మ ఫోనును చెవికి నొక్కి పట్టుకుని నిలబడింది. బసవరాజు కుర్చీలోంచి లేచాడు.

"తీసీసేనండి," అన్నాడు కూర్మారావు.

అతని వెనక, పలాసలోని గదిలో, తులన అడుగుతోంది: సఫలమా, విఫలమా? అతను ఈరమ్మతో కాదు, ఆ గదితో, "నాకూ తెలీదు" అన్నాడు.